నాకంటే ఒక్కరోజు ముందు

"నాకంటే ఒగ దినం ముందర వాడు పోవల్ల."

ఆటిజం ఉన్న పిల్లల్ని పెంచుతున్న తల్లుల మధ్య కాస్త చనువు ఏర్పడ్డాక ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట బయటికొస్తుంది. మొదటి పరిచయంలో రాదు. పిల్లల నిద్ర గురించి, తిండి గురించి, పాఠశాలల గురించి అన్నీ చెప్పుకున్నాక, ఇంక చెప్పుకోవడానికేమీ మిగలనప్పుడు వస్తుంది. అన్నామె ఏడవదు. విన్నవాళ్ళు ఆశ్చర్యపోరు. మిడుతూరు, దాని చుట్టుపక్కల పల్లెల్లో నాకు తెలిసిన ఆరుగురు తల్లుల్లో నలుగురి నోట ఈ మాట విన్నాను. నేను ఆరో తల్లిని. మా అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. నేను తెలుగు టీచర్ని, వాడు నాలుగైదు పదాలకు మించి మాట్లాడడు.

ఈ వాక్యాన్ని బయటివాళ్ళు రెండు రకాలుగా తీసుకుంటారు. కొందరు "అయ్యో, కన్నతల్లే అంత మాటంటుందా!" అని చెవులు మూసుకుంటారు. ఇంకొందరు "ఎంత ప్రేముంటే అలా అంటుంది" అని కళ్ళు తుడుచుకుంటారు. మొదటివాళ్ళు ఆమెను రాక్షసిని చేస్తారు, రెండోవాళ్ళు దేవతని చేస్తారు. ఇద్దరూ ఆ వాక్యంలో ఉన్న ప్రశ్నను వినరు. కన్నబిడ్డ తనకంటే ముందు చనిపోవాలని కోరుకోవడం నీతిపరంగా తప్పా? తప్పే అయితే అది ఎవరి తప్పు? ఈ వ్యాసంలో నేను ఆలోచించదలుచుకున్నది దాని గురించే.

*

ముందు మేమెక్కడున్నామో చెప్పాలి. మిడుతూరు నందికొట్కూరు దగ్గరి మండల కేంద్రం. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. పిల్లలకు మాటలు ఆలస్యమైతే ఇక్కడ మొదట డాక్టరు గుర్తుకు రాడు. వసకొమ్ము గుర్తుకొస్తుంది. అరగదీసి నాలిక మీద రాస్తారు. ఎక్కువ మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం కదా, ఆ వస. తర్వాత నల్లమల అంచున కొత్తపల్లె మండలంలో ఉన్న కొలనుభారతికి తీసుకుపోతారు. అక్షరాభ్యాసానికి అందరూ పోయే సరస్వతి గుడి అది. మా పిల్లల్ని అక్షరం కోసం కాదు, మాట కోసం తీసుకుపోతాం. తర్వాత దర్గా, తాయెత్తు. "వాళ్ళ నాయన గూడా ఐదేండ్లకు మాట్లాడినాడులే" అనే ఓదార్పుతో ఇంకో రెండేళ్ళు గడుస్తాయి. ఆ తర్వాత ఎవరో కర్నూలు పెద్దాసుపత్రి పేరు చెబుతారు.

వీటిలో దేన్నీ వెక్కిరించే ఉద్దేశం నాకు లేదు. వసకొమ్ము అరగదీసిన చెయ్యి ప్రేమగల చెయ్యే. నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. పిల్లవాడికి ఏదో తేడా ఉందని తేలిన క్షణం నుంచి కారణం వెతకడం మొదలవుతుంది. వెతుకులాట తల్లి దగ్గరే ఆగుతుంది. "కడుపుతో ఉన్నెప్పుడు గ్రహణం జూసింటావు." "మేనరికం వద్దంటే వింటిరా?" "టీవీ ముందర కూర్చోబెట్టి నీ పని నువ్వు జేసుకుంటివి." మేనరికం అన్న మాటలో ఇద్దరి రక్తం ఉంటుంది, కానీ నింద ఒక్కరికే చేరుతుంది. ఉద్యోగం చేసే తల్లికి ఉద్యోగం నేరం. ఇంట్లో ఉన్న తల్లికి గారాబం నేరం.

ఇది పల్లెటూరి అజ్ఞానం అనుకుంటే పొరపాటు. లియో కానర్ అనే వైద్యుడు 1943లో అమెరికాలో పదకొండుమంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. అదే కానర్ 1949లో ఆ పిల్లల తల్లిదండ్రుల చల్లదనాన్ని, మంచు కరగని రిఫ్రిజిరేటర్‌తో పోల్చాడు. ఆ పోలిక 'రిఫ్రిజిరేటర్ తల్లి' అయి కూర్చుంది. చికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో 'ది ఎంప్టీ ఫోర్ట్రెస్' అనే పుస్తకమే రాశాడు. తల్లి ప్రేమ అందక బిడ్డ తనలోకి తాను ముడుచుకుపోయాడన్నది దాని సారాంశం. 1964లోనే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనూ అలాంటి బిడ్డకు తండ్రి, ఇది నాడీవ్యవస్థకు సంబంధించినదని వాదించాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ కవలల మీద చేసిన అధ్యయనం ఇందులో జన్యువుల పాత్ర ఎంత బలమైనదో చూపించింది. అయినా తల్లుల మీద నింద తొలగిపోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత 1998లో ఒక టీకా మీదికి అనుమానం మళ్ళించారు. ఆ వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. ఈలోగా టీకా వేయించిన తల్లులు ఎందరు తమని తాము తిట్టుకున్నారో లెక్క లేదు. చికాగో ప్రొఫెసరు, మా వీధి అరుగు మీది అవ్వ ఒకరినొకరు ఎరగరు. చెప్పింది మాత్రం ఒకటే మాట.

ఈ చరిత్రలో ఇంకొక సంగతి మన పాఠకులు తెలుసుకోవాలి. కానర్ కంటే పద్దెనిమిదేళ్ళు ముందు, 1925లో, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే మనోవైద్యురాలు ఆరుగురు అబ్బాయిల్ని గమనించి రాసిన వర్ణన ఇవాళ మనం ఆటిజం అంటున్నదానికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంటుంది. ఆ పిల్లలకు సంగీతం మీదున్న ఇష్టాన్ని, వాళ్ళ ప్రతిభల్ని కూడా ఆమె నమోదు చేసింది. ఆ వ్యాసాన్ని 1996లో ఇంగ్లీషులోకి తెచ్చింది సూలా వుల్ఫ్ అనే మరో స్త్రీ. ఆటిజం ఒకే మూసలో ఉండదని, అది ఒక విస్తృతి అని గట్టిగా నిలబెట్టిన లోర్నా వింగ్ మనోవైద్యురాలే కాదు, ఆటిజం ఉన్న అమ్మాయికి తల్లి. మనదేశంలో 1991లో ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' మొదలుపెట్టిన మెర్రీ బరువా కూడా అలాంటి తల్లే. తల్లుల్ని కారణంగా చూపించిన శాస్త్రాన్ని తల్లులే కూర్చుని సరిదిద్దవలసి వచ్చింది. దీన్ని నేను గర్వంగా చెప్పుకోలేను. నింద మోస్తూ, పిల్లల్ని మోస్తూ, ఆ పైన శాస్త్రాన్ని కూడా వాళ్ళే మోయడం న్యాయం కాదు కదా.

*

సంతోషాల గురించి చెప్పడం నాకు కష్టాల గురించి చెప్పడం కంటే కష్టం. ఎందుకంటే మా సంతోషాలకు వినేవాళ్ళు రుజువులడుగుతారు. "లెక్కల్లో బాగా చురుగ్గా ఉంటారంట కదా?" "బొమ్మలు గీస్తాడా?" మావాడు లెక్కలు చెయ్యడు, బొమ్మలు గీయడు. ఒలిచిన మొక్కజొన్న గింజల్ని చేట మీద వరుసగా పేరుస్తాడు. ఒక వరుస పూర్తయ్యాక దాని మీదుగా వేలు నడిపిస్తాడు. అప్పుడు వాడి ముఖంలో ఉండే తృప్తి నాకు నా పుస్తకాల దగ్గర కూడా ఎప్పుడో గానీ దొరకదు. నందికొట్కూరు బస్సు ఇంజను చప్పుడు మాకు వినబడకముందే వాడికి తెలుస్తుంది. లేచి వాకిట్లో నిలబడతాడు. వానకు ముందు వచ్చే గాలికి చేతులు ఆడిస్తాడు. నల్లరేగడి మీద మొదటి వాన పడ్డప్పుడు వచ్చే వాసనకి వాడు నవ్విన నవ్వును నేను ఇంతవరకు ఏ భావకవిత్వంలోనూ చూడలేదు. ఏడో ఏట "బువ్వ" అన్నాడు. ఆ రోజు మా అత్త వీధంతా బెల్లం పంచింది. వాడికి బడికెళ్ళే చెల్లెలుంది. ఆ పిల్ల ఏడాదికే "బువ్వ" అంది. బెల్లం ఎవరూ పంచలేదు.

మా తల్లుల్లో ఒకామెకు పదమూడేళ్ళ కూతురు. ఆ పిల్ల ముట్టుకోనివ్వదు. కౌగిలించుకుంటే అరుస్తుంది. కానీ రోజూ సాయంత్రం తల్లి చీరకొంగు చివర పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటుంది. "అదే నాకు ముద్దక్కా" అంటుంది ఆ తల్లి. ప్రేమ అంటే ఫలానా విధంగా ఉండాలని మనకు సినిమాలు, కథలు నేర్పిన పాఠం ఆమె మర్చిపోవలసి వచ్చింది. ఇంకో భాష నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నాక ఆ పది నిమిషాలు ఆమెకు తక్కువ అనిపించలేదు.

జిమ్ సింక్లెయిర్ అనే ఆటిజం ఉన్న రచయిత 1993లో తల్లిదండ్రులనుద్దేశించి ఒక వ్యాసం రాశారు. మీరు కలగన్న బిడ్డ పుట్టలేదని దుఃఖిస్తున్నారు, ఆ దుఃఖం నిజమే, కానీ పుట్టిన బిడ్డ ఇక్కడే ఉన్నాడు, అన్నది అందులోని ఆలోచన. మేం "మా పిల్లల కష్టం" అంటున్నదాంట్లో మా కలల కష్టం ఎంత, వాళ్ళ కష్టం ఎంత అని విడదీయడం ఆ వ్యాసం నేర్పుతుంది. తెలుగులో ఆటిజానికి 'స్వలీనత' అని పేరు పెట్టారు. తనలో తాను లీనమైపోవడమట. ఎండకు, చప్పుడుకు, గుడ్డ ఒరుసుకోవడానికి ఇంత తీవ్రంగా స్పందించే పిల్లవాడిని తనలో తాను లీనమయ్యాడని ఎలా అంటాం? లోకం వాడిలోకి మనకంటే ఎక్కువ గట్టిగా చొరబడుతుందని నాకనిపిస్తుంది.

*

కష్టాల్లో చాలావరకు చాకిరీయే. పెరుగన్నం తప్ప ఏదీ తినని పిల్లవాడు, రాత్రి రెండింటికి లేచి తెల్లారేదాకా నడిచే పిల్లవాడు, తలుపు తీసుంటే చాలు పరిగెత్తే పిల్లవాడు. పక్కన కాలువలు, బావులు, రోడ్డు. మా ఆరు ఇళ్ళలో పని ఎలా పంచబడిందో చూస్తే తమాషాగా ఉంటుంది. సర్టిఫికెట్లు, సంతకాలు, ఆఫీసులు మగవాళ్ళవి. కడగడం, తినిపించడం, కాపలా ఆడవాళ్ళవి. ఒక్క ఇంట్లో మాత్రం తిరగబడింది. మేకలు కాసుకునే ఒక తండ్రి, భార్య కూలికి పోతుంటే, కూతుర్ని తనతోపాటు మేపుకు తీసుకుపోతాడు. ఆ పిల్లకు జడేస్తాడు. ముట్టు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో భార్య దగ్గర నేర్చుకున్నాడు. ఊళ్ళో మగవాళ్ళు ఎగతాళి చేస్తే "మేకలకు పురుళ్ళు పోస్తుండా, ఇదేమంత పని" అంటాడు. సంరక్షణ స్త్రీ స్వభావం అనేవాళ్ళకు ఈయన్ని చూపిస్తే చాలు. అది స్వభావం కాదు, అలవాటు. అలవాటు పడాల్సిన అవసరం మగవాళ్ళకి రానివ్వలేదంతే.

కూలికిపోయే ఇంకో తల్లి, ఒంటరి మనిషి, కొన్నేళ్ళు పిల్లవాడిని మంచం కోడుకు చీరతో కట్టేసి పోయేది. వింటే ఒళ్ళు జలదరిస్తుంది. "ఇప్పేస్తే బాయిలో పడతాడు, కూలికి పోకుంటే ఇద్దరం పస్తు, మూడోది ఏముందో నువ్వే చెప్పు" అని నన్నడిగింది. నాకు జీతం ఉంది. వాడిని చూసుకోవడానికి మనిషిని పెట్టుకోగలిగాను. అంటే నా స్వేచ్ఛ ఇంకో స్త్రీ శ్రమ మీద నిలబడింది. మా ఇద్దరి మధ్య తేడా మాతృప్రేమలో లేదు. కులంలో, భూమిలో, ఉద్యోగంలో ఉంది. నీతిశాస్త్రం గురించి మాట్లాడేవాళ్ళు ముందు ఈ మూడో దారి ఎక్కడుందో చెప్పాలి.

ఆడపిల్లల విషయం వేరే చెప్పాలి. సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారు చేసిన కొలమానంతో మన దేశంలో ఆటిజాన్ని అంచనా వేస్తున్నారు. నలభై అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు. 70కి తగ్గితే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రమైనట్టు. మొట్టమొదటి అంశమే కళ్ళలోకి చూడకపోవడం. ఆలోచించండి. మా వైపు ఆడపిల్ల కళ్ళలోకి చూడకపోతే లక్షణం అనరు, లక్షణంగా ఉందంటారు. ఎవరితోనూ కలవకపోతే బుద్ధిమంతురాలంటారు. మాట్లాడకపోతే ఎదురుచెప్పని పిల్లంటారు. ఆటిజం అమ్మాయిల్లో గుర్తింపు తక్కువని, అమ్మాయిలు తమ తేడాని కప్పిపుచ్చుకోవడం నేర్చుకుంటారని ఇప్పుడు పరిశోధకులు చెబుతున్నారు. మన దగ్గర అమ్మాయి కప్పిపుచ్చుకోనక్కర్లేదు. పితృస్వామ్యమే ఆ పని చేసిపెడుతుంది. పెళ్ళయ్యాక గానీ ఆ పిల్ల నోరు లేనిది కాదు, ఆమె లోకం వేరని తెలియదు. అప్పటికి ఆమె అత్తింట్లో ఉంటుంది.

గుర్తించిన అమ్మాయిలకు ఇంకో భయం. 1994లో పూణేలో, శిరూర్ ప్రభుత్వ వసతిగృహంలోని మానసిక వికలాంగ స్త్రీలకు శుభ్రత పేరుతో గర్భసంచులు తీసేశారు. స్త్రీల సంఘాలు వ్యతిరేకించాయి. అది సరైన వ్యతిరేకత. 2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ సంస్థలో అత్యాచారానికి గురై గర్భవతైన అలాంటి ఒక స్త్రీకి, ఆమె ఇష్టం లేకుండా గర్భస్రావం చేయకూడదంది. ఇదీ సరైనదే. కానీ చీరకొంగు పట్టుకుని కూర్చునే ఆ పిల్ల తల్లి నన్నడిగింది: "ఆపరేషన్ జేపిస్తే తప్పంట. సరే. నేను ఇంట్లో లేనప్పుడు దాన్ని ఎవడన్నా పాడుజేస్తే? నెలనెలా దానికి గుడ్డ పెట్టేది ఎవరు?" గర్భసంచి తీసేస్తే అత్యాచారం ఆగదు, అత్యాచారం బయటపడకుండా మాత్రం పోతుంది. ఈ సమాధానం నేను చెప్పాను. ఆమె ఒప్పుకుంది కూడా. కానీ ఆమె రెండో ప్రశ్న అలాగే ఉంది. హక్కుల గురించి మనం చెప్పింది నిజమే. హక్కు నిలబడాలంటే దాని వెనక రోజూ నిలబడే మనిషి ఎవరన్నది మనం చెప్పలేదు.

*

అమెరికా తత్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో 'లవ్స్ లేబర్' అనే పుస్తకం రాసింది. ఆమె కూతురు సెషా తీవ్రమైన వైకల్యంతో పుట్టింది. సమాజం స్వతంత్రులైన సమానుల ఒప్పందమని రాజకీయ సిద్ధాంతాలు చెబుతాయి, మరి ఎప్పటికీ ఇతరుల మీద ఆధారపడే మనుషులు, వాళ్ళని చూసుకోవడం వల్ల ఇంకొకరి మీద ఆధారపడవలసివచ్చేవాళ్ళు ఆ ఒప్పందంలో ఎక్కడున్నారని ఆమె ప్రశ్న. బాలింత బిడ్డని చూసుకుంటుంటే బాలింతను చూసుకునే మనిషిని డూలా అంటారు. ఆ మాట నుంచి ఆమె ఒక సూత్రం తీసింది: చూసుకునేవాళ్ళని చూసుకోవడం సమాజం బాధ్యత.

ఈ ఆలోచన మనకు కొత్త కాదు. పురిటికి పుట్టింటికి పంపడం అంటే ఇదే. బిడ్డకు తల్లి, తల్లికి అమ్మమ్మ. పథ్యం, నలుగు, వేణ్ణీళ్ళు. మూడో నెలకో ఐదో నెలకో ఒడినింపి పంపిస్తారు, బిడ్డ ఇంక కుదురుకున్నాడని. మా పిల్లలు కుదురుకోరు. మేం పంతొమ్మిదేళ్ళ బాలింతలం, ముప్పై ఏళ్ళ బాలింతలం. మమ్మల్ని చూసుకోవలసిన అమ్మమ్మలు చనిపోయారు. వాళ్ళ తర్వాత ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు.

ప్రభుత్వం రావాలి. కొంత వచ్చింది. 1995 వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 చట్టంలో ఇరవయ్యొక్క వైకల్యాల్లో ఒకటైంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ పనిచేసే టీచర్లు ఓపికగలవాళ్ళు. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు ఆరువేలు. ఈ ఆరువేలు మా కూలితల్లి ఇంట్లో ఎంత మార్పు తెచ్చిందో నేను చూశాను. వారానికి మూడు రోజులు ఆమె పనికి పోవడం లేదు, చీర విప్పేసింది. కానీ భవిత బడి వయసు పిల్లలకు. పద్దెనిమిది దాటాక కలెక్టరు ఉండే కమిటీ చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ కాగితం మీద ఎవరి పేరు రాయాలి అన్నప్పుడు మళ్ళీ ఆ వాక్యం దగ్గరికే వస్తాం. పెద్దల కోసం కలిసి బతికే ఇళ్ళకు నేషనల్ ట్రస్టులో పథకాలున్నాయి. మా ఆరుగురిలో ఎవరమూ వాటి గడప తొక్కలేదు.

సాధారణంగా ఆ కాగితం మీద రాసే పేరు చెల్లెలిది. "అన్నను నువ్వే జూసుకోవల్లమ్మా." మా ఇంట్లోనూ బంధువులు అప్పుడే అనేశారు. మావాడి చెల్లెలికి పన్నెండేళ్ళు. కొడుకు ఉంటే కొడుకు ఆస్తి చూసుకుంటాడు, కూతురు అన్నను చూసుకుంటుంది. దీన్ని ప్రేమ అనడం సులువు. నా చాకిరీని నా కూతురికి వారసత్వంగా రాసిస్తే నేను ఇన్నేళ్ళు చదివిన స్త్రీవాదం ఎందుకు? ఆమె ఇష్టపడి చేస్తే వేరు. కానీ పన్నెండేళ్ళప్పుడే నిర్ణయించేసినదాన్ని ఇష్టం అనలేం.

*

ఇప్పుడు మొదటి ప్రశ్నకు. ఆ కోరిక తప్పా?

అన్నవాళ్ళని నేను తప్పుపట్టను. అది చావు కోరిక కాదు. తమ తర్వాతి లోకం గురించి వాళ్ళిచ్చిన సాక్ష్యం. ముప్పై ఏళ్ళు ఈ ఊరిని, బంధువుల్ని, ఆఫీసుల్ని దగ్గరగా చూసి, వీళ్ళ చేతుల్లో పెట్టలేను అని చెప్పిన తీర్పు. సాక్ష్యం చెప్పినవాళ్ళని శిక్షించకూడదు. ఇంకో సంగతి, ఆ కోరిక నెరవేరితే తల్లి తప్ప అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఎవరూ ఏ బాధ్యతా తీసుకోనక్కర్లేదు, ఎవరినీ ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు. అందుకే లోకం దాన్ని త్యాగం అని అంత తొందరగా మెచ్చుకుంటుంది.

కానీ ఆ కోరికను నేను కోరను. దానికి కారణం నాకు ధైర్యం ఎక్కువై కాదు. ఆ వాక్యంలో వాడి బతుకు నా బతుకుకు తోకగా ఉంది. వాడికి నేను తప్ప ఏమీ లేదని అది అంటుంది. అది నిజం కాదు. వాడికి నందికొట్కూరు బస్సుంది. చేట మీద వరుసలున్నాయి. టీకొట్టు దగ్గర వాడికి బిస్కెట్టు విరిచి కాకుండా మొత్తంగానే ఇవ్వాలని తెలిసిన మనిషి ఒకడున్నాడు. వాడు నన్ను ఇష్టపడతాడు, కానీ వాడు బతుకుతున్నది నా కోసం కాదు. ఆధారపడి బతికే బతుకు కూడా సొంత బతుకే. భర్త లేకపోతే భార్యకు బతుకే లేదన్న మాటను మనం వందేళ్ళు కొట్లాడి వెనక్కి నెట్టాం. తల్లి లేకపోతే వీడికి బతుకే లేదన్న మాటను మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

ఒప్పుకోనని అంటే చాలదు, పని చెయ్యాలి. మా ఆరుగురం ఇప్పుడు ఒక పని మొదలుపెట్టాం. ఒక్కో బిడ్డకు ఒక్కో నోటుపుస్తకం. ఏం తింటాడు, ఏ చప్పుడికి భయపడతాడు, ఏడిస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. రాయడం రానివాళ్ళు చెబుతుంటే నేను రాస్తున్నాను. ఇంటి బయట ఈ సంగతులు తెలిసినవాళ్ళు కనీసం ఐదుగురుండాలని పెట్టుకున్నాం. ఐదుగురిలో ఇద్దరైనా మగవాళ్ళయి ఉండాలి. చెల్లెళ్ళ పేర్లు లెక్కలోకి రావు. మేకల తండ్రి ముందుగా తన పేరు మా వాడి పుస్తకంలో రాయించుకున్నాడు. ఇది ప్రభుత్వం చెయ్యాల్సినదానికి బదులు కాదు. అడగడానికి మేం బతికుండాలి, అడిగేవాళ్ళు ఆరుగురికంటే ఎక్కువుండాలి, అందుకోసం.

సంరక్షణ స్త్రీల సహజగుణం కాదని మనం చాలా రాశాం. అది నిజం. కాకపోతే మరి అది ఎవరి పని, ఎంత జీతానికి, ఏ ఇంట్లో, ఎన్నేళ్ళు అన్నది రాయడం మిగిలే ఉంది. మావాడి పుస్తకంలో ఇప్పటికి మూడు పేర్లున్నాయి.